మెత్తటి క్లచ్

మిషిగన్‌లో, సాగినా ఊరి చివర, ఐరీన్ కార్ల షెడ్డు. తమ్ముడు టాడ్ తన పాత షెవెల్ కారును నిన్న అక్కడ వదిలి వెళ్లాడు. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు.

"మెత్తటిదా? అడుగుతున్నది నువ్వేనా టాడ్?"

"నేనే అక్కా. అందులో వింతేముంది?"

"వింత కాదా మరి? మెత్తటి క్లచ్ అడిగినవాళ్లందర్నీ నీది పెళ్లికూతురి కాలా అని ఏడిపించేవాడివి. ఇప్పుడున్న గట్టిది కూడా నువ్వే పట్టుబట్టి వేయించుకున్నావు. వద్దురా, ట్రాఫిక్‌లో కాలు పడిపోతుందంటే విన్నావా?"

"అప్పుడంటే కుర్రతనం."

"పోయిన ఏడాది సంగతి చెప్తున్నా."

"సరేలే. ఏమేం రకాలున్నాయో చెప్పు."

"మూడున్నాయి. ఒకటి రాగి బిళ్లలది. పట్టిందంటే వదలదు. కానీ సిగ్నల్ దగ్గర కారు కప్పలా గెంతుతుంది."

"వద్దు, అది రేసులవాళ్లకి."

"ఇంకోటి రెండు ప్లేట్లది. ఇంజన్ ఎంత లాగినా జారదు, పెడలూ తేలికే. కాకపోతే ఖరీదు. ఇక మూడోది మామూలు ప్లేటు, మెత్తటి స్ప్రింగు. మన అమ్మ బతికుంటే అమ్మ కూడా తొక్కేది."

"అది వెయ్యి."

"నీ ఇంజన్ గట్టిగా లాగితే అది జారుతుంది."

"జారనీ."

"నీ షెవెల్‌లో క్లచ్ జారినా పర్లేదా?"

"ఎన్నిసార్లు అడుగుతావక్కా? శనివారం లోపల కావాలి, అంతే. పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్తానని నా చిట్టితల్లి జోసీకి మాటిచ్చాను. దానికేమో నా పక్క సీట్లో కూర్చుని ఊరంతా చూస్తుంటే వెళ్లాలని."

"ఇందాక లోపలికొస్తూ తలుపు పట్టుకున్నావెందుకు?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రెండు చేతులతో."

"నీ గడప ఎత్తు."

"ఆ గడప నాన్న షెడ్డు కట్టినప్పట్నుంచీ అంతే ఎత్తు."

"బూట్లు కొత్తవక్కా. అడుగున సోలు బరువు. ఏంటా చూపు?"

"ఏం లేదు. నాన్న కూడా బూట్లే అన్నాడు."

"ఇప్పుడు నాన్న సంగతెందుకు?"

"బౌలింగ్ హాలుకెళ్లి పడ్డాడు చూడు, అప్పుడు బూట్లు జారాయన్నాడు. మళ్లీ పడితే నేలకి మైనం ఎక్కువ రాశారన్నాడు. తర్వాత మన వాకిలి మెట్లు వంకరన్నాడు. నువ్వూ నేనూ ఆ మెట్లన్నీ పీకి కొత్తవి కట్టాం, గుర్తుందా?"

"ఐరీన్."

"కొత్త మెట్లు కూడా ఎక్కలేకపోయాడు."

"ఆపుతావా? నేను నాన్నని కాదు. నా కాలికేం కాలేదు, క్లచ్ బరువెక్కింది. నీకు నేను చెప్పాలా? ఉత్త పెడల్‌నయితే జోసీ బొటనవేలితో నొక్కేస్తుంది. బరువంతా లోపలి స్ప్రింగుది. అది కడ్డీ మీదుగా వచ్చి కాలికి తగులుతుంది. స్ప్రింగు మారిస్తే సరిపోతుంది."

"స్ప్రింగులు వాడే కొద్దీ బరువెక్కవురా. నీరసపడతాయి."

"నాదెక్కింది."

"డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"కారు బాగాలేకపోతే డాక్టరెందుకు?"

"గురువారం సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"గురువారం ఏమైంది?"

"నువ్వే చెప్పు. రైలు గేటు దగ్గర."

"ఎవరన్నారు?"

"జోసీ చెప్పింది. అత్తా, నాన్నా నేనూ బలే ఆట ఆడామంది. ఏం ఆటే అంటే, నాన్న మోకాలు నేను నొక్కాను, అప్పుడు కారు కదిలింది అంది. నవ్వుతూ చెప్పిందిరా."

"దానికి చెప్పొద్దన్నాను."

"పసిదానితో ఆ మాట కూడా అన్నావా?"

"ఏం చెయ్యమంటావు? పట్టాల మీదకొచ్చేసరికి గేరు మార్చబోయాను. క్లచ్ తొక్కితే దిగలేదు. ఇంజన్ ఆగిపోయింది. గేరు ఎలాగో న్యూట్రల్‌లోకి లాగి స్టార్ట్ చేశాను. మళ్లీ గేరు వెయ్యాలంటే మళ్లీ తొక్కాలి కదా. కాలు ఎత్తుతున్నాను, ఎత్తుతున్నాను... కాలు... అంటే పెడలు బిగుసుకుపోయింది."

"కాలు అన్నావు."

"పెడలన్నాను. ఈలోపల గంట మొదలైంది. ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు. జోసీ బెల్టు తీసి దిగి పరిగెత్తమందామంటే బెల్టు బటను నా వేళ్లకి దొరకలేదక్కా. అప్పుడే అన్నాను, జోసీ, ఆట ఆడదామా, నాన్న మోకాలు గట్టిగా నొక్కు అని. రెండు చేతులతో నొక్కింది."

"దిగిందా?"

"దిగింది."

"పసిపిల్ల నొక్కితే దిగింది."

"అలా తిప్పి తిప్పి అనకు."

"నాకు భయంగా ఉందిరా. నిన్న కారు వదిలి నువ్వు నడిచి వెళ్తుంటే వెనకనుంచి అచ్చం నాన్నలాగే ఉన్నావు. రాత్రంతా కన్ను మూతపడలేదు."

"నాకు మాత్రం లేదనుకున్నావా? అందుకే కదా క్లచ్ మార్చమంటున్నాను. మారిస్తే తేలిపోతుంది. అంతా క్లచ్‌దేనని తేలిపోతుంది."

"తేలకపోతే?"

"తేలుతుంది."

"సరే. మెత్తటిదే అంటావని నిన్న నువ్వు కారు వదిలినప్పుడే అనుకున్నాను. పొద్దున్నంతా నీ కారు కిందే ఉన్నా."

"అంటే వేసేశావా? నా బంగారు అక్కవి. మరి ఇందాకటి నుంచి ఈ రకాల పురాణమెందుకు?"

"నీ నోటితో విందామని. ఎక్కి తొక్కి చూడు. తేలిగ్గా ఉంటే జోసీని శనివారం తీసుకెళ్లు, నేను అడ్డురాను. బరువుగా ఉంటే తాళాలు నా చేతిలో పెట్టాలి."

"పందెమా?"

"మాట."

"సరే, మాట. జరుగు, తలుపు తియ్యనీ."

"కాలు చేత్తో ఎత్తి పెట్టుకున్నావు."

"సీటు వెనక్కుంది."

"ముందుకి జరుపుకో."

"జరిపాను. చూస్తూ ఉండు."

"తొక్కు."

"తొక్కుతున్నా. ఆ, తేలికైంది. మునుపటికంటే చాలా నయం."

"కిందిదాకా తొక్కు."

"తొక్కుతున్నా కదా."

"సగంలో ఆగావు."

"ఉండు, ఊపిరి తీసుకోనీ. చెమట చూడు, ఈ షెడ్డులో గాలాడదు. బూటు విప్పుతాను. ఇప్పుడు చూడు."

"చూస్తున్నా."

"పోవట్లేదు. నీకు తప్పు స్ప్రింగు పంపినట్టున్నారు. ఇదీ బరువే అక్కా."

"ఇంకోసారి తొక్కు నాన్నా."

"నాన్నా అంటావేంటి, చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు? తొక్కాను. మోకాలు కూడా నొక్కుతున్నాను. బరువే, చెప్తుంటే. ఆ రెండు ప్లేట్లది తెప్పించు. ఎంతైనా సరే. శనివారానికి రాకపోతే పై వారం వెళ్తాం, జోసీకి నేను చెప్పుకుంటాను. మంచి క్లచ్ పడితే అంతా..."

"టాడ్, దిగు."

"తెప్పిస్తావా లేదా?"

"దిగరా. పట్టుకుంటాను."

"ఏడుస్తున్నావేంటి? నీ చేతిలో ఏంటది?"

"పెడల్‌ని క్లచ్‌కి కలిపే కడ్డీరా. నువ్వు రాకముందే ఊడదీశాను."