ఎన్నో లైన్ల తప్పుంది?

మధ్యాహ్నం. చిక్కడపల్లి లైబ్రరీ ముందు చాయ్ బండి. పొద్దటి బస్సుకు ఊరి నుంచి వచ్చిన రామచంద్రం, గ్రూప్స్ పరీక్షలకని ఆరేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్న కూతురు స్వరూప.

“పుస్తకాలు అమ్ముకోలేదు బాపు, ఇచ్చేసిన.”

“ఇచ్చేసినవా? ఆరేండ్ల పుస్తకాలు?”

“మా రూంల ఉండే త్రివేణికి. పోయిన వారమే ఇచ్చిన.”

“మరి నువ్వేం చదువుతవ్?”

“ఫోన్ల చెప్పిన కద. నారాయణగూడల కంప్యూటర్ క్లాసుకు పోతున్న. ప్రోగ్రామింగ్, డేటా సైన్స్.”

“గదేందో నాకు నోరు తిరుగది. ఇరవై తొమ్మిదేండ్లొచ్చినయ్, తెలుగు మీడియం, బీఏ. నీకెట్లొస్తదే?”

“రాలే. మొదటి దినం కీబోర్డు మీద బ్రాకెట్ ఎక్కడుందో దొరకలే. పక్కన ఇంజనీరింగ్ పోరగాండ్లు ఒకటే నవ్వుడు.”

“మరి?”

“నవ్వనియ్. తెల్లారి మళ్ల పోయిన. ముందట బెంచీల కూసున్న.”

“సారు ఏమనలేదా?”

“ఉమాకాంత్ సార్ మంచోడు. తెలుగుల అడిగితే తెలుగులనే చెప్తడు. నేనే ఎక్కువ అడుగుత.”

“మొండిదానివి.”

“నీ బిడ్డనే కద.”

“నవ్వులాట కాదు బిడ్డా. సర్కారు కొలువు సర్కారు కొలువే. ఇంకొక్కసారి రాయి.”

“ఆరేండ్లు రాసిన బాపు. ఎక్కడ తప్పు పోయిందో ఒక్కసారన్న ఎవరన్న చెప్పిండ్రా? నేను రాసిన ప్రోగ్రాంల తప్పుంటే కంప్యూటర్ చెప్తది. పదకొండో లైన్ల తప్పుంది, చూస్కో అంటది. దిద్దితే నడుస్తది.”

“నడిచి ఏం చేస్తది?”

“మన మండలంల పదేండ్ల వాన లెక్కలు ఏసి చూసిన. తొలి వానకే పత్తి గింజ పెడితే పదిట్ల ఆరేండ్లు మొలక ఎండింది.”

“గది నాకెరుక లేదా? కంప్యూటరే చెప్పాల్నా?”

“ఎరుకుంటే ఏటేటా తొలి వానకే ఎందుకు పెడ్తవ్?”

“చాయ్ సల్లారుతుంది, తాగు.”

“చెప్పు బాపు.”

“అందరు పెడ్తరు, నేనూ పెడ్త. గంతే.”

“నేనూ గంతే. అందరు గ్రూప్స్ రాస్తుండ్రని రాసిన. నాకేం కావాల్నో ఎన్నడూ ఆలోచన చెయ్యలే.”

“గివన్ని ఎందుకు గని, ఉన్నమాట చెప్పు. రాసి రాసి యాష్టకొచ్చింది. పాస్ గాక, భయమై ఇడిసిపెడుతున్నవ్. నేనేమనను. ఊళ్లె అడిగినోళ్లకు నేను చెప్పుకుంట.”

“భయమై కాదు.”

“మల్ల? కొలువు రాలేదనే కద గీ కంప్యూటర్—”

“వచ్చింది.”

“ఏందొచ్చింది?”

“కొలువు. పొద్దుగాల గ్రూప్ టూ సెలెక్షన్ లిస్టు పెట్టిండ్రు, అండ్ల నా నంబరుంది. చూసుకొని గూడ క్లాసుకే పోయొచ్చిన బాపు.”