పచ్చగ కనిపిచ్చింది, నొక్కిన

దగ్గరికి జరగండి, ఇంకొంచెం దగ్గరికి. వీధి తలుపు తెరిచే ఉంది, ఇవి గట్టిగా చెప్పుకునే మాటలు కావు. ఆర్మూరులో ఒక ఇల్లు, పొద్దున పది గంటలు. పదకొండుకు ఇక్కడా, జక్రాన్‌పల్లిలో పెళ్లికొడుకు లోకేశ్ ఇంట్లోనూ పెళ్లి పసుపు దంచాలి. రోలు కడిగి పెట్టారు. పెళ్లికూతురు త్రివేణి తన బాపమ్మను, అంటే నాన్నమ్మ ముత్తవ్వను నిలదీస్తోంది. తల్లి ఉమారాణి వంటింట్లో ఉంది.

“బాపమ్మా, ఫోన్ ఇయ్యి.”

“ఏ ఫోను?”

“నీ ఫోను. రొండిల చెక్కుకున్నవు, కనిపిస్తనే ఉన్నది.”

“గది సున్నం డబ్బీ.”

“సున్నం డబ్బీకి లైటు వెలుగుతదా? ఇయ్యి బాపమ్మా, నీ కాల్మొక్త. ఏం పంపినవో ఎర్కనా నీకు?”

“ఎందుకెర్క లేదు? నిన్న నువ్వు సదివి ఇనిపియ్యలే? నీ దోస్తు పిల్ల సువార్త పంపింది జూడు, పసుపు మీద పేపర్ల అచ్చైంది. గదే పంపిన. రోజు పంపుతనే ఉన్న గద.”

“ఎవలకు పంపినవు?”

“నా దోస్తులకు. మార్కెట్ యార్డుల నాతోని పసుపు ఏరినోళ్లకు. సీతాబాయికి, ఎస్తేరుకు, అందరికి.”

“వాళ్లకు పోలే. నా పెండ్లి గ్రూపుల పడ్డది! లోకేశ్, వాళ్ల నాయిన గంగన్న మామ, జక్రాన్‌పల్లి సుట్టాలందరు అండ్లనే ఉన్నరు. అరవై రెండు మంది!”

“అరవై రెండా? మంచిదే, సదువుకుంటరు తియ్యి.”

“బాపమ్మా!”

“అరే, నామీద ఒర్లుతవేందే? నాకేమన్న అచ్చరాలొస్తయా? బొమ్మను జూసి నొక్కేదాన్ని. పచ్చగ కనిపిచ్చింది, నొక్కిన. రెండు గ్రూపులకు పసుపు ఫొటోలే పెడ్తిరి. తప్పు నాదా, మీదా?”

“సరే, మాదే. ఫోన్ ఇయ్యి, తీసేస్త. పంపిన ఫోన్ల నుంచే తియ్యాలె. లేకుంటె గ్రూపు పెట్టిన లోకేశ్ తియ్యాలె, ఆయన ఫోను ఎత్తుతలేడు.”

“చార్జింగ్ లేదు దానికి.”

“ఇప్పుడే లైటు వెలిగింది!”

“గదే ఆఖరిది కావచ్చు.”

“నవ్వకు. అసలు రోజుకొకటి నీకు సదివి ఇనిపియ్యబట్టి వచ్చింది ఇదంత.”

“గట్ల అనకు. ఎన్ని సంగతులు తెలిసినయి మాకు! ‘ఇంట్ల ఆఖరికి తినేదెవలు’ అన్నది పంపితె సీతాబాయి ఏం జేసింది? ఆ పూట అందరి కంటె ముందు తాను తిన్నది. మొగడు గిన్నెల తొంగి సూసి, జొరమొచ్చిందానె అని అడిగిండట.”

“తెలుసు బాపమ్మా, వందసార్లు చెప్పినవు.”

“ఎస్తేరు సంగతి చెప్పలే. హోటళ్లల్ల రెండు తీర్ల గ్లాసులని ఒకటి పంపితిమి జూడు? ఆమె ఇని నాకు ఫోన్ చేసింది. ‘ముత్తవ్వా, నలభై ఏండ్లు నీ ఇంట్ల నాకు చాయ్ ఏ గ్లాసుల పోసినవో యాదున్నదా?’ అన్నది. కోపం లేదు గొంతుల. గదే బాధ. రెండు దినాలు నాకు బువ్వ పోలే. మూడోనాడు పోయి పిలుసుకొచ్చి, నేను తాగే గ్లాసులనే పోసిన. ఆమె తాగలే. ముందుగాల ఏడ్సింది, చాయ్ సల్లారినంక తాగింది.”

“…గది నాకు చెప్పనే లేదు.”

“సిగ్గైంది, చెప్పలే.”

“సరే, గవన్ని వేరే. మీరు దోస్తులు, మాటలనుకుంటరు, మల్ల కలుస్తరు. గిది పెండ్లి. చూడు, గంత మంది ఉన్నరు. ఒక్కలు మాట్లాడుతలేరు. గంగన్న మామ ఏదో టైప్ చేస్తుండు… ఆగిపోయిండు… మల్ల చేస్తుండు.”

“గంతసేపు ఏం రాస్తుండు, కాయితాలు నింపుతుండా?”

“అయ్యో! భాగ్యత్త గ్రూపుల నుంచి ఎల్లిపోయింది!”

“నా బిడ్డనా? యాడికి పోయింది?”

“యాడికి పోలే, గ్రూపు ఇడిసిపెట్టింది. కోపమొచ్చింది. దంచుడు మొదలువెట్టాల్సింది ఆమెనే, ఇంటి ఆడిబిడ్డ. ఆమె రాకుంటె ఎట్ల?”

“ఏందే గా లొల్లి? పప్పు మాడుతుంటె ఇడిసిపెట్టి వచ్చిన.”

“ఏం లేదమ్మా. నువ్వు లోపలికి పో.”

“ఏం లేకుంటె నీ మొహం ఎందుకట్ల అయింది? అత్తమ్మా, ఏమైంది?”

“ఏం కాలే ఉమా. ఒకటి పంపిన, ఇంకో తాన పడ్డది. పసుపు మీద రాసింది. పసుపు తవ్వేది, ఉడకవెట్టేది, ఏరేది సగం మంది మొగడు పోయినోళ్లే, కని శుభానికి వాళ్ల చేత పసుపు ముట్టనియ్యరు, ఎందుకట్ల అని ఒకామె అడిగింది.”

“పెండ్లి గ్రూపుల పడ్డదమ్మా.”

“ఓ దేవుడా. నా పేరు ఉన్నదా అండ్ల?”

“రాసినదాండ్ల లేదు. కని బాపమ్మ కింద తన గొంతుతోని మాట సుత పెట్టింది.”

“ఏమని పెట్టిండ్రు అత్తమ్మా?”

“రోజు పెట్టినట్టే పెట్టిన.”

“ఇనిపియ్యి త్రివేణీ. నీ ఫోన్ల ఉంటది గద, ఇనిపియ్యి.”

“వద్దమ్మా…”

“ఇనిపియ్యి అంటున్న.”

“‘నేను ముత్తవ్వను మాట్లాడుతున్న. మా యార్డుల పొద్దంత పసుపు ఏరుతుంటిమి. రెప్పల మీద సుత పసుపే, పండ్లల్ల పసుపే. గేటు లోపల ఎవ్వలు తుడుసుకో అనలే. గేటు దాటంగనే నల్ల కాడ కడుక్కొని ఇంటికి పోతుంటి, మొగడు లేనిదానికి మొహం మీద పసుపేందని అంటరని. నా కొడుకు పోయిన పదకొండో దినం, నా కోడలు ఉమ మొహం మీది పసుపు నేనే కడిగిన, గీ చేతులతోనే. అది ఒక్క మాట అనలే. కండ్లు మూసుకొని నిలబడ్డది. ఇయ్యాల దాని కడుపుల పుట్టిన బిడ్డకు పసుపు దంచుతుంటె, అది పొయ్యి కాడ ఉండాలెనట. గిది న్యాయమా? పదకొండు కాక ముందే జర ఆలోచన జేసి చెప్పుండ్రి.’”

“అమ్మా. అమ్మా, కూసో.”

“కూసోను. చీర మార్చుకొని ఆలూర్ల మా అక్క తానికి పోత. పెండ్లైనంక వస్త. పప్పు దించుకోండ్రి.”

“ఎందుకు పోవుడు ఉమా?”

“ఎందుకంటె? అత్తమ్మా, నేను అడిగిన్నా మిమ్మల్ని? ఒక్కనాడన్న అడిగిన్నా, నాకు పసుపు కావాలె అని? దాని పెండ్లి మంచిగైతె సాలు నాకు. తలుపు సందుల నుంచి చూసుకుంటుంటి. గదొక్కటి సుత లేకుండ చేసిండ్రు.”

“తలుపు సందుల నుంచి నేను సుత చూసిన, నీ పెండ్లప్పుడు. ఏం కనిపిచ్చిందో ఎర్కనా? వీపులు. ముత్తైదువల వీపులు. నా కొడుకు మొహం ఒక్కసారి కనిపియ్యలే.”

“అమ్మా, నువ్వు ఆలూరు పోతె నేను రోలు కాడ కూసోను.”

“పిచ్చి మాటలు వద్దు త్రివేణీ.”

“పిచ్చి కాదు. పొద్దటి సంది ఒకటే గుబులు, వాళ్లేమనుకుంటరో, వాళ్లేమనుకుంటరో అని. నువ్వు ఏమనుకుంటున్నవో అడుగుడే మర్శిపోయిన.”

“ఫోన్ మోగుతుంది.”

“భాగ్యత్త. స్పీకర్ల పెడ్త… హలో, అత్తా.”

“అత్త లేదు ఏం లేదు. మీ బాపమ్మకు ఇయ్యి.”

“ఇంటున్ననే భాగ్యా, చెప్పు.”

“అవ్వా, నీకు మతి ఉన్నదా? మొన్న నోటితోని అన్నవు, వదినెను సుత కూసోబెడుదాం అని. వద్దన్న. అయిపోయింది అనుకున్న. ఇయ్యాల జక్రాన్‌పల్లి దాక డప్పు కొట్టినవు!”

“తప్పు నొక్కిన బిడ్డా. పచ్చగ కనిపిచ్చింది.”

“వాళ్లు పెండ్లి ఆపితె? మా అన్న లేని ఇల్లు, రేపు ఎవలు అడుగుతరు? వదినె మీద నాకు కోపం లేదు. మా అన్న బిడ్డకు ఏమన్న అయితదని భయం. గంతే.”

“భయం నాకు లేదానె? భయంతోనే గద దాని మొహం కడిగిన. కడిగినంక ఏం మంచి జరిగింది చెప్పు.”

“గవన్ని నన్ను అడుగకు. నేను రోకలి ముట్టను. చెప్తున్న.”

“పెట్టేసింది. బాపమ్మా, చూడు, గ్రూపుల మాట వచ్చింది. లోకేశ్ ఫోన్ల నుంచి. నాకు ఇనబుద్ధి అయితలేదు.”

“ఇను.”

“నువ్వు ఇను. నేను చెవులు మూసుకుంట.”

“చెవులు మూసుకుంటె నొక్కేదెవలే? నొక్కు.”

“‘హలో… పడుతుందా లోకేశ్? పట్టుకొని ఉండు. నేను వెంకవ్వను, పిల్లగాని బాపమ్మను. మీరు పంపింది మా లోకేశ్ సదివి ఇనిపిచ్చిండు. రెండుసార్లు సదిపిచ్చుకున్న. నా మొగడు పోయి ఇరవై ఏండ్లు. ఇంట్ల ఎన్ని పెండ్లిళ్లైనయో, గోడ అవతల కూసొని చప్పుడు ఇన్న. ఇప్పుడే లేసి పోయి రోలు కాడ కూసున్న. ఎవ్వలు లేపుతలేరు. లెవ్వు అని అనబుద్ధి అయితలేదు వాళ్లకు, ఉండు అని అనబుద్ధి సుత అయితలేదు. సుట్టు నిలబడి సూస్తుండ్రు. మా గంగన్న ఫోన్ల ఏదో రాస్తుండు, చెరుపుతుండు. ఓ ముత్తవ్వా, మీ కోడలు సుత కూసున్నదా అక్కడ? జల్ది చెప్పు. నేనొక్కదాన్నే కూసుంటె నాకు ధైర్యం సాలుతలేదు.’”

“…మల్లొక్కసారి ఇనిపియ్యి.”

“అమ్మా, నువ్వేనా అడిగేది?”

“ఇనిపియ్యి బిడ్డా. ఆఖరి మాట ఒక్కటి.”

“‘…నేనొక్కదాన్నే కూసుంటె నాకు ధైర్యం సాలుతలేదు.’”

“పాపం, ముసలామె. అందరి నడుమల ఒక్కతే కూసున్నది.”

“ఏం చెప్పమంటవు ఉమా ఆమెకు?”

“…కూసున్నదని చెప్పుండ్రి.”

“ఎవలు?”

“మీ కోడలు. చెప్పుండ్రి, జల్ది. ఆమె లేసిపోతదేమో.”

“త్రివేణీ, నొక్కు, నేను మాట్లాడుత. ఓ వెంకవ్వా, నా కోడలు కూసున్నది! నువ్వు లెవ్వకు! ఎవలు లేపినా లెవ్వకు! ఆ, పంపు. సరిగ్గ పంపు, తప్పు గ్రూపుల పడుతది.”

“నువ్వు నాకు చెప్తున్నవా!”

“ఉమా, గట్ల గడప మీద కాదు. రోలు కాడికి రా. ఇంకింత దగ్గరికి. త్రివేణీ, పసుపు కొమ్ములు రోట్ల పొయ్యి. రోకలి మీ అమ్మకు ఇయ్యి.”

“రోకలి పట్టక ఎన్నేండ్లైందో అత్తమ్మా.”

“చేన్ల గడ్డపార రోజు పడ్తలేవా? పట్టు. నేను సుత పట్టుకుంట, ఇగో. మొదటి పోటు ఇద్దరం ఏద్దాం. నీది, నాది.”

“తలుపు కాడ ఎవలో…”

“భాగ్యత్త!”

“నన్ను సూడకుండ్రి. నేను రోకలి ముట్టనన్న, ముట్ట.”

“మరి ఎందుకొచ్చినవే?”

“పాట ఎవలు అందుకుంటరు? నీ గొంతుకా, వదినె గొంతుకా? పాట లేకుండ దంచితె పసుపు మెత్తగైతదా? జరుగుండ్రి, కూసోనియ్యుండ్రి. నేను పాట మట్టుకే.”

“సరే బిడ్డా. పాట మట్టుకే.”

“వదినా, అట్ల కాదు, పక్కకు పోతున్నయి కొమ్ములు. నడుమల ఎయ్యి. నడుమల! తే ఇటు ఆ రోకలి, సూపిస్త.”

“ముట్టనంటివి?”

“సూపిస్తనన్న గంతే, అవ్వా.”

“మెత్తగైంది. ఉమా, మొహం ఇటు తిప్పు.”

“నాకెందుకు అత్తమ్మా, ముందుగాల పిల్లకు పెట్టుండ్రి.”

“పిల్లకు నువ్వు పెడ్తువు. నేను కడిగింది నేనే పెట్టాలె. కండ్లు మూసుకోకు. ఆనాడు మూసుకున్నవు. ఇయ్యాల తెరిసి ఉండు.”

“తెరిసే ఉన్న అత్తమ్మా.”

“ఏడ్వకు, కారిపోతది. ఊ. ఇగ బిడ్డకు పెట్టుపో.”

*

“బాపమ్మా, ఇటు రా. ఒక్కదానివే రా. అమ్మ, భాగ్యత్త ఇనద్దు.”

“ఏందే? మొహానికి పసుపు ఎండుతుంది, తిరగకు.”

“ఇప్పుడు ఫోన్ ఇచ్చినవు గద, చూసిన. రెండు గ్రూపులు పక్క పక్కకే ఉన్నయి. నీ దోస్తులదాని మీద నేను పెట్టిన ఫొటో, నువ్వు ఏరిన సన్నటి పిల్ల కొమ్ములు.”

“ఊ.”

“పెండ్లి గ్రూపు మీద లోకేశ్ పెట్టిండు, వాళ్ల చేన్ల పసుపు దుంపల కుప్ప. గుండ్రంగ, ఇంతింత లావు తల్లి దుంపలు.”

“ఊ. మంచి పంట.”

“ముప్పై ఏండ్లు యార్డుల తల్లి దుంపలను ఒక కుప్ప, పిల్ల కొమ్ములను ఒక కుప్ప చేసినవు. ముత్తవ్వ చీకట్ల సుత తప్పు ఏరదు అని సీతాబాయి ఇప్పటికి చెప్తది.”

“ఆమెకు నోరెక్కువ.”

“ఇంకోటి. ‘పదకొండు కాక ముందే చెప్పుండ్రి’ అన్నవు. నీ దోస్తులకు పదకొండుతోని ఏం పని? పచ్చగ కనిపిచ్చింది, నొక్కిన అంటివి. నిజం చెప్పు.”

“నోటితోని చెప్తె ముసల్దానికి మతి పోయిందన్నరు. అచ్చుల పడ్డది పంపితె కూసొని ఆలోచన జేసిండ్రు. అచ్చరం రాదు గని, తల్లికి, బిడ్డకు తేడా తెల్వదానె నాకు? మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు, సిగ్గువడుతది. నేను పోయినంక చెప్పు. యాది పెట్టుకొని, నీ కడుపుల పుట్టినోళ్లకు సుత చెప్పు. తప్పు నొక్కలేదు ముత్తవ్వ, చూసి నొక్కింది అని.”