మందుకి లొంగని పుండు

మల్లీ సీసాలట్టుకుని ఒచ్చీసినావేటమ్మా ఝాన్సీ? నాగావళి నీల్లు ఎన్నిసార్లు నింపినా మీ కాలేజీ వోల్లకి సాలవేటి? నింపుకో, నింపుకో. ఆ పెద్ద కాలవ కలిసిన కాడే నింపు. ఊరి మురుగంతా అక్కడే దిగుతాది.

కిందటి తూరి ఏటన్నావు? ఈ నీట్లో మందులకి సావని పురుగులున్నాయి, నీట్లో మందు కలిసేకొద్దీ అవి మొండికేస్తాయన్నావు కదా! నవ్వీసినాను నాను. ఈ బుల్లమ్మ పుట్టిన కాడ్నించీ ఇక్కడే సేపలు కడుగుతంది, నాకేటయినాదీ అన్నాను.

ఇప్పుడు నవ్వొస్తాదేటి? నా పెనిమిటి అసిరయ్య ఆసుపత్రిలో పడున్నాడు. ఏట్లో వల ఇసరతంటే గాజుపెంకు కాల్లో దిగినాది. ఇంతే, సిటికినేలంత గాటు! పద్దెనిమిది రోజులయినాది. సూది ఏసినారు, తగ్గలేదు. ఇంకా పెద్ద సూది ఏసినారు, దానికీ లొంగలేదు. పాదం నల్లగయిపోనాది. రేపటికీ ఇలాగే ఉంటే పాదం తీసీడమే అన్నారు డాక్టరుబాబు. ఒంటికాలితో ఏట్లో నిలబడి వల ఎలగ ఇసురుతాడమ్మా? సెప్పు!

ఎవుల్ని తిట్టాల నాను? కాలవ మల్లించండి బాబూ అని ఆఫీసులో కాయితమిచ్చినాం. తీసుకున్నారు. అంతే.

ఏటి అలగ సూస్తావు? ముందు ఏయే మందులు వాడినారంటావా? డాక్టరుబాబూ అదే అడిగినారు. ఏటీ వాడలేదు బాబూ అన్నాను.

మింగలేదమ్మా, నిజమే. మా ఇంట్లో ఎవులూ మింగలేదు. సేపల టబ్బులో ఏసినాను.

కొర్రమీను బతికుంటేనే కదా బేరం! టబ్బులో ఒకదానికొకటి ఒరుసుకుని పుండ్లు పడిపోతాయి. మందుల సాపులో మనుసుల పుండ్లు మానడానికిచ్చే గొట్టం మాత్రలుంటాయి సూడు, రెండు ఇప్పి ఆ పొడి నీట్లో కలిపితే సాయంత్రం దాకా గెంతుతాయి. ఎవులో సెప్పినారు, సేసినాను. ఆరేల్లయినాది. బేరమయిపోగానే ఆ నీల్లు ఈ ఏటి మెట్లకాడే పారబోస్తాను. మా అసిరయ్య మావ వల ఇసిరేదీ ఇక్కడే.

ఇయ్యాల పొద్దున్నా ఏసినాను, నువ్వు సెప్పింది తెలిసీ ఏసినాను. ఏం సెయ్యమంటావు? సేపలు సచ్చిపోతే ఆసుపత్రికి అన్నం ఎలగ అట్టుకెల్తాను?

ఈ పురుగు ఎక్కడ్నించొచ్చినాదే బుల్లీ, అని రోజూ అడుగుతాడు మావ. ఊరి మురుగులోంచి అంటాను. పాపం, నమ్మీసినాడు.

నీ కాయితంలో నా పేరు రాసుకుంటే రాసుకో తల్లీ. మావకి మాత్రం సెప్పకు. కాలు పోయినా నా మొగం సూస్తాడు. ఇది తెలిస్తే సూడ్డు.