చంద్రుణ్ణి లాక్కురాబోయిన సుభానీ

"ఏరా కోటేషూ, ఆకాశం సంగతి చెబుతుంటే ఫోన్లో మొహం పెట్టావేంట్రా? పెద్దవాడు మాట్లాడుతుంటే వినే పద్ధతి ఇదేనా?" అని టీ తాగుతున్న కుర్రాణ్ణి గద్దించాడు ట్రాక్టరు డ్రైవరు సుభానీ.

పర్చూరు రోడ్డు మీద సర్దార్‌బీ టీ కొట్టు. పక్కన ఆపిన ట్రాక్టరు ట్రక్కు నిండా రైతు బసవమ్మ మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు. ట్రాక్టరుకు తగిలించి వాన పడేలోపు కోల్డ్ స్టోరేజీకి చేర్చాలి. ఏడాది కష్టమంతా అందులోనే ఉంది. పడమట మబ్బు కమ్ముతోంది. సుభానీని పిలుద్దామని వచ్చిన బసవమ్మ కూడా ఏం చెబుతాడోనని నిలబడిపోయింది.

"ట్రక్కు తగిలించాలంటే ఒకడు వెనక నిలబడి 'రా, రా, ఆపు' అంటూ పిన్ను వెయ్యాలి గదా? నాకక్కర్లా. వెనక్కి చూడకుండా తగిలిస్తా. ఆ సంగతి తెలిసి ఏమైందో తెలుసా? రాకెట్లవాళ్లు కారేసుకుని మా ఇంటికొచ్చారు. 'పైన రెండు ఉపగ్రహాలు మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే కలవాలి, దారి చూపించండి సుభానీ గారూ' అని."

"అంత వేగంలో గుద్దుకోవూ?" అన్నాడు కోటేష్.

"రెండూ ఒకే వేగంలో పోతుంటే ఒకదాని పక్కన ఇంకోటి నిలబడ్డట్టేరా. చివరి మూడు మీటర్లూ చీమ నడక."

బసవమ్మకు అది సబబుగానే తోచింది. "మరి చీకట్లో కొక్కెం ఎట్లా కనపడుద్దయ్యా?"

"లేజర్లు, కెమెరాలు పెట్టారమ్మా. పైకెళ్లాక అవి మొరాయించాయి. దాంతో నన్నే రాకెట్టు ఎక్కించారు. ఒక కాలు దీని మీద, ఇంకో కాలు దాని మీద వేసి, రెండిటినీ మోకాళ్లతో దగ్గరికి లాగా. బిగుసుకుంటే వేరుశనగ నూనె రాశా. వస్తా వస్తా చంద్రుణ్ణి కూడా తగిలించుకొద్దామనుకుంటే, సముద్రం పొంగుద్దని వాళ్లే గడ్డం పట్టుకు బతిమాలారు!"

టప్పున ఓ చినుకు రాలింది. సర్దార్‌బీ పొయ్యి ముందు నుంచి లేచింది.

"చంద్రుడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ ట్రక్కు తగిలించు, పిన్ను మనిషి లేకుండా."

"వద్దయ్యా, కోటేష్ వెనక నిలబడతాడు" అంది బసవమ్మ.

"అక్కర్లేదమ్మా!"

వెనక్కి చూడకుండానే రివర్సు కొట్టాడు. దబ్బున గుద్దాడు. ట్రక్కు ముందు ఊతం జారి మూతి నేలకు పొడుచుకుంది. కొక్కెం వంకరపోయింది.

"మోయ్!" అంది బసవమ్మ టిక్కీల వైపు చూపిస్తూ, ఒక్కటే మాట.

మిగతావాళ్లు టిక్కీల మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా పట్టుకుంటే, ముప్ఫై టిక్కీలూ సుభానీ ఒక్కడే రోడ్డవతల గోడౌనులోకి చేర్చాడు. చెమటకు మిరప ఘాటు తోడై వీపు భగ్గుమంది. ఒక్క కాయా తడవలేదు. సుభానీ మాత్రం నాలుగు రోజులు చొక్కా తొడగలేక, వీపు మీద మజ్జిగ గుడ్డ వేయించుకుని బోర్లా పడుకున్నాడు.