క్వారీ నుంచి అన్నీ పచ్చలే

మధ్యాహ్నం. గూడ్సు బండిని లాగుతున్న పాత డీజిల్ ఇంజను. లోపల డ్రైవరు, అసిస్టెంటు.

"పచ్చ అన్నా."

"పచ్చ. మళ్ళీనా? ఏంటి తమ్ముడూ ఇది, క్వారీ దగ్గర్నించి ఒక్క ఎరుపూ లేదు."

"మంచిదేగా."

"యార్డులో పెట్టెలు నెట్టాలన్నా, లైను మీద లాగాలన్నా ఈ ముసలిదే కావాలి. మర్యాద మాత్రం సున్నా. ఇన్నేళ్ళూ ప్రతి స్టేషన్లో పక్క లైన్లోకి తోసి, దారినపోయే బండినల్లా ముందు పంపించారు. ఇవాళేమో ఎక్స్‌ప్రెస్సునే ఆపి మనకి దారిచ్చారు! కిటికీల్లోంచి జనం చూపులు చూశావా? తినేసేట్టున్నారు."

"బళ్ళకి దారులిచ్చే కంట్రోల్ ఆఫీసులో ఎవరో కొత్తాయన వచ్చుంటాడు."

"కొత్తాయనకి మనమీద అంత ప్రేమెందుకు? అవునూ, క్వారీ దగ్గర స్టేషన్ మాస్టరు నిన్ను లోపలికెందుకు పిలిచాడు?"

"సంతకానికి."

"సంతకం పెట్టాల్సింది నేను. నిన్నెందుకు పిలుస్తాడు? ఇటు చూడు."

"లైను చూడాలన్నా. వంపొస్తోంది... పచ్చ."

"పచ్చ. మీ వదిన గురించేనా?"

"ముందు బండి చూడన్నా."

"మనూరి ఆసుపత్రిలో చిన్న ఆపరేషనే అన్నారు. పదింటికల్లా అయిపోయుండాలి. 'ఇక్కడ కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం కంటే డ్యూటీకి పొండి' అని తనే తరిమింది."

"రక్తం ఆగట్లేదట అన్నా. తెలివిలోనే ఉందట. నిన్నే అడుగుతోందట. ఈ బండి ఎక్కడా ఆగకూడదని కంట్రోలాయన దారిపొడుగునా స్టేషన్లకి చెప్పాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. బండి నడపలేవని."

"నడుపుతున్నా. చూడు. నడపట్లేదా?"

"నడుపుతున్నావన్నా."

"ఊరికి ఇంకా ఎంత దూరం?"

"పదకొండు కిలోమీటర్లు."

"వేగం హ్యాండిల్ చివరిదాకా తిప్పేశా. ఇంతకన్నా వేగం దీని దగ్గర లేదు. తల్లీ, ఈ ఒక్కరోజూ పరిగెత్తవే."

"పచ్చ అన్నా."

"పచ్చ. అంటే తనింకా ఉందన్నమాట."

"ఉందన్నా."

"దారిస్తున్నారంటే ఉన్నట్టేగా?"

"ఉన్నట్టే. నువ్వు ముందు చూడు."

"పొద్దున జుట్టు ముడి వెయ్యమంది. చేతికి సూదులున్నాయిగా, పైకెత్తలేకపోయింది. నాకెక్కడ వచ్చు? 'నలభై పెట్టెలు లాగుతారు, ఒక్క ముడి వెయ్యలేరా' అని ఒకటే నవ్వు."

"వేశావా?"

"రెండుసార్లు ఊడిపోయింది. మూడోసారి నిలిచింది. నర్సమ్మ కూడా బాగుందంది... వంపు తిరిగాం. స్టేషను సిగ్నలు రావాలే. నాకు ఇంజను ముక్కు అడ్డం, నీ వైపే కనపడుతుంది. చూడు."

"ఉండన్నా, చూస్తున్నా."

"చెప్పు తమ్ముడూ. నువ్వు చెబితేగా నేను తిరిగి చెప్పేది."

"ఎరుపన్నా."

"సరిగ్గా చూడు."

"చూశానన్నా. ఎరుపే."

"ఎరుపు. ఆపుతున్నా."

"ఏదో బండి అడ్డమొచ్చుంటుంది. అంతే, ఇంకేం కాదు."

"అదుగో, ఇందాక ఆపిన ఎక్స్‌ప్రెస్సు. పక్క లైన్లో మనల్ని దాటించి పంపిస్తున్నారు. ఇంక మనకి తొందర లేదనుకున్నారు."

"అలా అనకన్నా. సిగ్నలు స్తంభం దగ్గర ఫోనుంది. దిగి కనుక్కునొస్తా, ఒక్క నిమిషం."

"కూర్చో తమ్ముడూ. దిగకు. ఎవరూ చెప్పనంతసేపూ మీ వదిన నాకోసం ఎదురుచూస్తున్నట్టే."