కమీషనరమ్మ కరెంటు బండికి ఎద్దు గంటలు

ఘల్లూ ఘల్లున మువ్వ ఎవరిదే చెల్లెలా,
గట్టు దిగి వచ్చేటి మావ బండిదే చెల్లెలా,
గంట ఇని గడప కడిగి...

గడప కడిగి ఏదో చెయ్యాలి, ఆ ముక్క నాకు గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నాట్లేస్తా పాడుకునేవాళ్ళం. పోనీలే, వచ్చినప్పుడు వస్తుంది.

చెంచయ్య అని ఒకడున్నాడు, పట్నంలో మునిసిపాలిటీ జీపు తోలేవాడు. అతని పెళ్ళాం వజ్రమ్మది మా ఊరే, నాకు కూతురి వరస. అందుకని నన్ను అత్తా అంటాడు, నేను అల్లుడా అంటాను. ఆ జీపు సంగతి చెప్పాలంటే అది చెంచయ్యకంటే ముందే ఆ ఆఫీసులో చేరింది అనుకో. పొద్దున్నే లేపితే చుట్టలు కాల్చే ముసలాడు దగ్గినట్టు దగ్గేది, నల్లగా పొగ కక్కేది, ఓ పట్టాన కదిలేది కాదు. కాలితో నాలుగు సార్లు తొక్కి, స్టీరింగు మీద చరిచి, లేవే తల్లీ లేవే అని బతిమాలితే అప్పుడు ఒళ్ళంతా వణికించుకుంటా లేచేది. ఒకసారి లేచిందంటే మాత్రం ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి ఇనపడేది. ఆ జీపు మీద చెంచయ్య ఇన్నేళ్ళు తిరిగాడు, మనిషి సంగతి అట్టా ఉంచు, ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు. నలుగురు కూర్చున్న చోట ఆ మాట చెప్పుకోకుండా కాఫీ తాగేవాడు కాదు. రిటైరయ్యేదాకా ఆ మాట నిలబెట్టుకుని, స్టీరింగు మీదనించే లేచి ఇంటికి రావాలని అతని కోరిక. అంతకుమించి ఏమీ కోరుకోలేదు పాపం.

ఆ ఆఫీసు ముందర పురిటాసుపత్రి వీధి ఉంది. పేరుకి వీధే గానీ అదంతా సంతే అనుకోండి. పూలోళ్ళు, కూరగాయలోళ్ళు, బజ్జీల బండ్లు, మధ్యలో మేకలు. నేను కూడా పొద్దున్నే మొదటి బస్సుకి గోంగూర, తోటకూర గంప వేసుకుపోయి అక్కడే కూర్చుంటాను. కొనేవాళ్ళు గోడ వారగా నడుస్తారు గనక మా మొహాలు గోడ వైపు, మా వీపులు రోడ్డు వైపు. నా ముందర మంచినీళ్ళ ఇత్తడి చెంబు పెట్టుకుంటాను. చింతపండేసి తోమి తోమి అద్దంలాగా పెడతాలే, వీధి వీధంతా అందులో కనపడుద్ది. వెనకనించి ఎవరన్నా ఒక కట్ట ఎత్తుకుపోబోతే చెంబులోనే చూసి, తల తిప్పకుండానే, పెట్టవయ్యా కింద అంటాను. అదట్టా ఉంచండి. చెంచయ్య జీపు మలుపు తిరగ్గానే ఆ చప్పుడికి మేమందరం గంపలు లోపలికి లాక్కునేవాళ్ళం. మేకలు కూడా లేచేవి. వెనక్కి తిరిగి చూసే పనే లేదు.

ఇట్టా ఉంటే ఏమైందంటే, ఆ పట్నానికి కొత్త కమీషనరమ్మ వచ్చింది. చిన్న వయసు, చదువుకున్న పిల్ల, మాట ఎంత గట్టిదో మనసు అంత మెత్తన. వచ్చీ రాగానే ఆ జీపుల్నన్నిటినీ చూసి, ఇవి రోడ్డు మీద ఉండేదానికంటే షెడ్డులో ఉండేదే ఎక్కువ, ఊళ్ళో పొగ పోవాలని ఊరందరికీ చెప్పే మనమే పొగ కక్కుతా తిరిగితే ఎట్టా, అన్నదంట. పాతవన్నీ తీసేసి కరెంటు బండ్లు కొనిపించింది. సెల్ ఫోనుకి పెట్టినట్టు తీగ తగిలించి వదిలేస్తే చాలంట, డీజిలు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంకో మంచి పని కూడా చేసింది. పురిటాసుపత్రిలో పసిబిడ్డలు ఉలిక్కిపడుతున్నారని ఆ వీధిలో హారన్ కొట్టకూడదు, కొడితే జరిమానా అని పెద్ద బోర్డు పెట్టించింది. అక్షరాలు బాగా లావుగా రాయించింది, నేను కూడా కూడబలుక్కుని చదివాను. ముసలితనంలో నేర్చుకున్న చదువు గదా, గోడ మీద ఏది కనపడినా చదవబుద్ధేస్తుంది.

కొత్త బండ్లు వచ్చింది సరిగ్గా దసరా ముందు. ఆయుధపూజ రోజున అన్నిటినీ వరసన నిలబెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారంట. ఎదురుగా బల్ల మీద దబరా నిండా పులిహోర. చెంచయ్య పెద్దోడు గదా, ముందు నువ్వు తొక్కించవయ్యా నిమ్మకాయలు అన్నారంట. ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఏమీ ఇనపడలా. మళ్ళీ తిప్పాడు. ఏదో పచ్చ దీపం వెలిగింది గానీ బండి కిమ్మనలా. కొత్త బండి కూడా మొండికేసిందే అనుకున్నాడు. మరి ఇన్నేళ్ళ అలవాటు, ఏం చేస్తాడు, లేవే తల్లీ అని స్టీరింగు మీద ఒకటి చరిచి కాలితో గట్టిగా తొక్కాడు. అది ఎప్పుడో లేచి కూర్చుంది నాయనా. చప్పుడు లేకపోయేసరికి ఇతనికి తెలవలా. ఒక్క దూకు దూకింది. నిమ్మకాయలు చితికినయ్యి, బల్ల పోయింది, పులిహోర దబరా ఎగిరొచ్చి బానెట్టు మీద కూర్చుంది. అయ్యవారు కొబ్బరికాయ చంకలో పెట్టుకుని గోడెక్కాడంట, ఆ వయసులో ఎట్టా ఎక్కాడో ఆయనకే తెలియాలి. ఎవరికీ దెబ్బ తగల్లేదులే. కమీషనరమ్మ చీర మీద పడిన మెతుకులు దులుపుకుని, చెంచయ్యా, దీనికి గురక ఉండదయ్యా, చప్పుడు లేకపోతే పడుకుందని కాదు, అన్నదంట. అందరూ నవ్వారంట. ఆమె మాత్రం నవ్వలా. ఇంకొకసారి నీ మీద మాట వచ్చిందంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తా, అక్కడ కూర్చుందువు గాని, అన్నదంట.

ఆ మర్నాటినించి చెంచయ్య కమీషనరమ్మని ఎక్కించుకుని ఆ బండిని పసిబిడ్డనెత్తుకున్నట్టు తోలాడు. బండి మంచిదే అత్తా, వెన్నలాగా పోతది, అనేవాడు నాతో. చిక్కల్లా మా వీధిలోనే వచ్చింది. పిల్లిలాగా వచ్చి మా వీపుల వెనక నిలబడేది, మాకేం తెలుసు. హారన్ కొడదామంటే ఎదురుగా బోర్డు, లోపల కూర్చున్నది ఆ బోర్డు పెట్టించిన మనిషి. ఇంక ఏం చేస్తాడు, కిటికీలోంచి తల బయట పెట్టి, అమ్మా జరగండి, అయ్యా జరగండి, అక్కా ఆ మేకని లాగు, అని గొంతు పోయేదాకా అరుచుకుంటా వచ్చేవాడు. పూల సుందరమ్మ అయితే, ఏమయ్యా చెంచయ్యా, జీపు పోయి నువ్వు అరవడం మొదలుపెట్టావే, డీజిలు నువ్వు తాగుతున్నావా, అని ఏడిపించేది. ఒకరోజు ఆ సుందరమ్మే మాలలు కడతా కడతా దారపుండ దొర్లిందని గమ్మున వెనక్కి వంగింది. చెంచయ్య బ్రేకు తొక్కాడు. బండి ఆగింది గానీ, ఆమె జడకొప్పుకీ బంపరుకీ మధ్య జానెడు కూడా లేదు. సుందరమ్మ లేచి తిట్టాల్సినవన్నీ తిట్టి మళ్ళీ పూలు కట్టుకుంది. చెంచయ్యకి మాత్రం ఆ పూట అన్నం దిగలా.

వజ్రమ్మ కంచం ముందు కూర్చుని సంగతంతా కక్కించింది. ఇని, ఇది బండి తప్పూ కాదు, నీ తప్పూ కాదు, దిష్టి, అన్నది. దసరానాడు అంతమంది కళ్ళూ పడినయ్యి, పులిహోర మన్నుపాలయ్యింది, దిష్టి కాకపోతే ఏంది. ఎర్రనీళ్ళు తిప్పింది, మిరపకాయలు తిప్పింది. అయినా తనివి తీరక అటక మీదనించి వాళ్ళ నాయన ఎద్దుకి కట్టిన గంటల పట్టెడ దించింది. దిష్టి తగలకూడదనే వాళ్ళ నాయన ఎద్దు మెడకి అది కట్టాడంట. పాత తోలు పట్టెడ, దాని నిండా కంచు మువ్వలు. పొద్దున్నే పోయి బండి మూతి కింద నల్లతాడేసి కట్టేసింది. చెంచయ్య తల పట్టుకున్నాడు. ఆఫీసు బండికి ఎద్దు గంటలేందే, నా పరువేం గాను, అన్నాడు. పరువు సంగతి తర్వాత చూద్దాంలే, ముందు కోడిపిల్ల సంగతి చూసుకో, అన్నది వజ్రమ్మ.

ఆవేళ మా వీధి మలుపులో ఘల్లుమన్నది. నేను చెబుతున్నాను గదా, ఒళ్ళు ఝల్లుమన్నది నాకు. ఏ కాలంలో ఉన్నానో ఒక్క క్షణం తెలవలా. ఆ పాట నోట్లోకి వచ్చేసింది. గంపలన్నీ వాటంతట అవే జరిగినట్టు జరిగినయ్యి. మేకలు లేచి తోవిచ్చినయ్యి. చెంచయ్య తల బయట పెట్టకుండా దొరలాగా పోయాడు. ఇంక రోజూ అంతే. పసిబిడ్డలు ఉలిక్కిపడలా, ఆసుపత్రి ఆయాలు కూడా ఆ గంటలింటే బిడ్డలు ఏడుపాపి ఇంటున్నారని చెప్పుకునేవాళ్ళు. లోపల కూర్చున్న కమీషనరమ్మకి అద్దాలు బిగించి ఉంటాయి గనక కొన్నాళ్ళు ఇనపడలా. ఒకరోజు అద్దం దించింది. ఏంటయ్యా ఈ చప్పుడు, కొత్త బండి అప్పుడే ఊడిపోతుందా, అన్నది. చెంచయ్య గంటల సంగతి దాచి బండి పోనిచ్చాడు. అది అతని తప్పే, ఆ మాట అప్పుడే చెప్పేస్తే పోయేది. ఆమె బండ్లమ్మిన కంపెనీవాళ్ళకి ఫోను చేసింది. తెల్లచొక్కా వేసుకున్న మెకానిక్కు వచ్చి బండి కింద దూరి, చాలాసేపు వెతికి, ఒంటినిండా మట్టితో బయటికొచ్చాడు. చేతిలో ఎద్దు గంటల పట్టెడ. మేడమ్, ఇది మా కంపెనీది కాదండి, అన్నాడంట.

ఆఫీసు ఆఫీసంతా కిటికీల్లోంచి చూస్తా ఉండిందంట. కమీషనరమ్మ మొహం ఎర్రబడింది. నన్ను ఎద్దుబండిలో తిప్పుతున్నావా చెంచయ్యా, పెద్ద ఆఫీసులకి పోతే ఏమనుకుంటారు, ఒక్కమాట నాతో చెప్పాలి గదా, అన్నది. అవి తీసి లోపల పెట్టు, సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దించి తాళం ఇచ్చెయ్యి, రేపటినించి గేటు దగ్గర కూర్చో, అన్నది. అంతే. మాకు ఆ కబురు బండికంటే ముందే వచ్చేసింది. ఆఫీసులో టీ పోసే మనిషి మా బజ్జీలాయనకి బావమరిది లెండి. సుందరమ్మ పూలు కట్టడం ఆపేసింది. తిట్టిన నోటితోనే, అయ్యో, కోడిపిల్లని కూడా తొక్కని మనిషే, అన్నది.

సాయంత్రం బండి వచ్చింది. గంటలు లేవు, చప్పుడు లేదు. నేను గోంగూర కట్టలు సర్దుకుంటున్నాను. నాకు చెవులు కాస్త మందం అనుకో, ఎప్పుడూ కాదనుకో. గంప సగం రోడ్డు మీదుంది. అత్తా జరుగు, అత్తా జరుగు, అని చెంచయ్య పిలిచాడంట, నేను జరగలా. సుందరమ్మ కూడా జరగలా. మేకలు సరేసరి, అవి ఎవరి మాటా ఇనవు. లోపలున్న కమీషనరమ్మ ఎంతసేపని చూస్తుంది, ఆమే దిగొచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"అవ్వా, బండొచ్చింది, కొంచెం జరుగుతావా?"

"ఏ బండి తల్లీ?"

"నీ వెనకే ఉంది."

"ఉంటే గంటలు ఇనపడాలిగా. ఈ వీధిలో కమీషనరమ్మ బండొస్తే గంటలు ఇనపడతాయమ్మా, మేమందరం జరుగుతాం. ఇదేదో దొంగబండిలాగా చప్పుడు లేకుండా వచ్చిందే."

సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనే అవ్వా కమీషనర్ని."

"నువ్వా? ఇంత చిన్నదానివా?" గడ్డం పట్టుకుని చూశాను. "మరి గంటలేం చేశావమ్మా?"

"హారన్ కొట్టమంటే కొడతాడు గదా అతను," అంటానే ఆ పిల్ల తలెత్తింది. ఎదురుగా బోర్డు. లావు అక్షరాలు. మళ్ళీ మా వీపుల వంక చూసింది, రోడ్డు మీదకొచ్చిన గంపల వంక చూసింది, చివరికి చెంచయ్య వంక చూసింది. ఈ లోపల బజ్జీలాయన, గంటలేవమ్మా, అన్నాడు. ఎవరో వెనకనించి, గంటలు పెట్టించండమ్మా, అన్నారు.

"ఎక్కడ పెట్టావయ్యా వాటిని?" అన్నది ఆమె.

చెంచయ్య బండి లోపలినించి పట్టెడ తీసుకొచ్చి బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కడికి తాడు ముడి పడలా. ఆ పిల్లే వంగి రెండో కొస పట్టుకుంది. గట్టిగా కట్టవయ్యా, ఊడిపోతే మళ్ళీ ఆ తెల్లచొక్కా మనిషిని పిలవాలి, అన్నది. అప్పుడు నవ్వింది. మేమూ నవ్వాం. రేపు ఏడింటికల్లా రా, ఆలస్యం చెయ్యొద్దు, అని బండెక్కి కూర్చుంది.

ఇంక చూడండి, తక్కిన డ్రైవర్లందరూ సంతకి పోయి తలా ఒక గంట కొనుక్కొచ్చారు. ఇంజనీరు బండికి ఆవు గంట, శానిటరీ ఇనస్పెక్టరు బండికి మేక గంట. మేక గంట ఇనపడిందంటే ఆ వీధిలో చీపుళ్ళన్నీ లేచి నిలబడతాయి, ఇంక ఆయనకి తనిఖీలో తప్పు ఎక్కడ దొరుకుద్ది. దానికి మాత్రం ఆయన ఇప్పటికీ గింజుకుంటానే ఉన్నాడు. నా పాటకి పోయిన ముక్క కూడా సుందరమ్మే అతికించింది, గంట ఇని గడప కడిగి గంప జరపవే చెల్లెలా అని. అది కాదని నాకు తెలుసు. కానీ ఇప్పుడు మా వీధిలో అందరూ అట్టాగే పాడుతున్నారు, నేను కూడా అట్టాగే పాడుతున్నాను.

చెంచయ్య రిటైరైన రోజున ఆ బండిలోనే ఇంటికి పంపించారు, దండేసి, వజ్రమ్మని పక్కన కూర్చోబెట్టి. కమీషనరమ్మకి బదిలీ అయినా ఆ రోజుకి వచ్చింది. కోడిపిల్లకి కూడా దెబ్బ తగల్లేదన్న మాట మైకులో చెప్పించుకున్నాడు మా అల్లుడు, పట్టుదల మనిషి. పోతా పోతా మా వీధిలో బండి ఆపాడు. దండలోంచి ఒక బంతిపువ్వు తెంపి నా గంపలో వేశాడు. నేను గోంగూర కట్ట ఒకటి వజ్రమ్మ ఒళ్ళో పెట్టాను. బండి కదిలిందల్లా మళ్ళీ ఆగింది. కిటికీలోంచి వంగి నా ముందున్న ఇత్తడి చెంబు వంక చూశాడు, అందులో బండి, దండ, అతని మొహం అన్నీ కనపడుతున్నాయి. చూసి చూసి అన్నాడు గదా:

"అత్తా, గంటలు తీసేసిన ఆ సాయంత్రం నీ చెంబులో నా బండి కనపడలేదా?"