షట్టరు ముందు క్యూ

కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసే లాక్సా తెస్తానని వెళ్లిన మా కోక్ లియాంగ్ గంట దాటాక ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. సింగపూర్‌లో, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే మా పేట హాకర్ సెంటర్, మధ్యాహ్నం భోజనాల వేళ. బల్ల ఎవరూ లాక్కోకుండా కాపలా కాస్తూ నేనూ, బెంగ్ హువాత్, సియూ హూన్ అక్కా కడుపులు మాడ్చుకుని కూర్చున్నాం.

"గిన్నెలేవిరా?" అన్నాడు బెంగ్ హువాత్.

"గిన్నెలట, గిన్నెలు! నేను ప్రాణాలతో వచ్చాను, అది చూడవేం? మర్యాదస్తుడు నాలుగు గిన్నెల లాక్సా కొనుక్కునే రోజులు పోయాయిరా. నా ముందు ఒకడే ఉన్నాడు, మెడలో ఆఫీసు కార్డు. ఒక్కడే కదా అనుకున్నాను. ఆ ఒక్కడూ ఏం చేశాడో తెలుసా? ఆఫీసు మొత్తానికీ పొట్లాలు కట్టమన్నాడు! ఒకడికి కారం వద్దట, ఒకడికి రొయ్యలు వద్దట, ఒకత్తెకి పులుసే వద్దట! ఆఫీసు అయ్యాక పై అంతస్తుకి, ఆ తర్వాత ఎదుటి బిల్డింగుకి. కొబ్బరిపాలు అయిపోతే దుకాణమామె కాయలు దింపడానికి మలేషియాకి మనిషిని పంపింది. నేను కదిల్తేనా!"

"గంటలోనే?" అన్నాను.

"క్యూలో గంట వేరు! నా వెనక జనం పెరిగి పెరిగి, బస్టాపు దాటి, సముద్రం మీద వంతెనెక్కి అవతలి దేశంలో దిగారు. తోకన ఉన్నవాళ్లు పాస్‌పోర్టులు పట్టుకు నిలబడ్డారు. నా వెనక ఇద్దరికి పరిచయమై, పెళ్లై, పిల్లాడు కూడా పుట్టాడు. వాడికి పేరు పెట్టమని నన్నే అడిగారు."

"ఏం పెట్టావ్?"

"ఆ మంటలో నాకు పేర్లు తోస్తాయా? సరిగ్గా అప్పుడే నా వంతొచ్చింది. ఆమె గరిటె ఎత్తింది. ఆ కార్డువాడు వెనక్కొచ్చి 'ఇంకో నాలుగు' అన్నాడు. అవే ఆఖరివి! ధడాలున షట్టరు దించేసింది, నా మొహం మీద! అడిగే నాథుడు లేడా ఈ దేశంలో?"

సియూ హూన్ అక్క బార్లీ నీళ్లు ఒక గుక్క తాగింది. "ఇవాళ సోమవారం. సోమవారం ఆ లాక్సా ఆమె అసలు షట్టరే ఎత్తదు లియాంగూ."

లియాంగ్ ఆమె బార్లీ నీళ్ల వైపు చెయ్యి చాపాడు. అక్క గ్లాసు పక్కకి జరిపింది.

"ఇవి కొనుక్కొస్తూ నిన్ను చూశాను. నీ ముందు ఎవరూ లేరు. మూసిన షట్టరుకి ఎదురుగా నిలబడి దాన్ని తిడుతున్నావు. వెనక మాత్రం బోలెడుమంది. దేనికయ్యా ఈ క్యూ అని ఆఖరివాణ్ణి అడిగాను. 'తెలీదాంటీ, ముందున్న అంకుల్ ఇంతసేపూ కదల్లేదంటే ఏదో అద్భుతంగా ఉండి ఉంటుంది' అన్నాడు. ఇంకా నిలబడే ఉన్నారు, చూడు."

లియాంగ్ లేచి తల తిప్పి చూశాడు. జనం మలుపు దాకా ఉన్నారు. అతని ముక్కుపుటాలు అదిరాయి.

"చూశారా అన్యాయం! నేనిటు రాగానే నా చోట్లో ఎవడో దూరాడు!" అని మండిపడుతూ వెళ్లి, క్యూ చివర నిలబడ్డాడు.